గేమ్ కొనే స్తోమత లేనప్పుడు పైరసీ చేస్తే తప్పా?

ప్రశ్నతో పాటు మీరు ఇంకో మాట కూడా రాశారు: "గేమ్ అనేది మందూ మాకూ కాదు కదా. పేద దేశాల్లో ఉన్నా సరే, కొనలేనివాళ్లు ఆడటం మానేయొచ్చు." మాట తప్పని అనను. కాకపోతే నేను దాదాపు పదేళ్లు ఒక్క గేమ్ కూడా కొనకుండా ఆడినవాణ్ని. ఆ తర్వాత కొనడం అలవాటైంది. ఇంకొన్నేళ్లకు ఒక చిన్న గేమ్ తయారీలో పనిచేసి, అది పైరసీ కావడం కూడా చూశాను. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు నా బండారం. మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిన రోజుల్లో గేమ్‌కు డబ్బు కట్టాలన్న సంగతే నాకు తెలియదు. గేమ్ అంటే మా పెదనాన్నగారి అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చేది. లోపల 'క్రాక్' అని ఇంకో ఫోల్డర్ ఉండేది. అందులోని ఫైల్‌ను, అంటే కొనకుండానే గేమ్ తెరుచుకునేలా తాళం తీసే ఫైల్‌ను, కాపీ చేసి, గేమ్ ఇన్‌స్టాల్ అయిన చోట పేస్ట్ చేసి, పాతది తీసేసి కొత్తది పెట్టాలా అని కంప్యూటర్ అడిగితే సరే అనాలి. ఇన్‌స్టాల్ చేయడమంటే అంతే అనుకునేవాణ్ని. క్రాక్‌ను కూడా కంపెనీవాళ్లే గేమ్‌తో పాటు ఇస్తారని మా అన్నయ్య గట్టిగా నమ్మేవాడు.

ఉచితం అన్న పేరే గానీ, నిజానికి అంత ఉచితంగా ఏమీ ఉండేది కాదు. యాభై జీబీ గేమ్‌ను నలిపి నలిపి ఇరవై జీబీకి కుదించి పెడతారే, దాన్ని రీప్యాక్ అంటారు. అది డౌన్‌లోడ్ కావడానికి మూడు రాత్రులు. ఆ మడతలన్నీ విప్పి ఇన్‌స్టాల్ కావడానికి మా పాత ప్రాసెసర్ మీద ఐదారు గంటలు. తొంభై తొమ్మిది శాతం దగ్గర ఎర్రర్ వస్తే మళ్లీ మొదటికి. 'యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి' అని రాసి ఉంటే బుద్ధిగా ఆపేసేవాణ్ని. ఒకసారి అలా ఆపాక, ఏ గేమూ తెరవకపోయినా ఫ్యాన్ హోరెత్తడం మొదలైంది. ఏమిటా అని, లోపల ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే హోరు ఆగిపోయేది. మూసేస్తే రెండు నిమిషాల్లో మళ్లీ మొదలు. ఎవడి కోసమో నా కంప్యూటర్ క్రిప్టో కరెన్సీ తవ్విపెడుతోందని తెలిసేసరికి రెండు నెలలు పట్టింది. ఫార్మాట్ కొట్టక తప్పలేదు, సేవ్ ఫైళ్లన్నీ దాంతోనే పోయాయి.

కంపెనీలు కూడా అప్పుడప్పుడూ ఆడుకునేవి. 2009లో వచ్చిన బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ అసైలమ్ పైరసీ కాపీలో బ్యాట్‌మ్యాన్ గాల్లో తేలలేడు, రెక్కలు తెరిచి మూసి తెరిచి మూసి కింద పడతాడు. ఒకతను పాపం తెలియక ఆ కంపెనీవాళ్లనే అడిగేశాడు, ఇక్కడ ఎలా దాటాలి అని. లోపం గేమ్‌లో లేదు, మీ నీతిలో ఉంది అని జవాబు వచ్చింది. నాకు ఆ జవాబు చదివినప్పుడు నవ్వూ వచ్చింది, చెవులూ ఎర్రబడ్డాయి.

ఇక డబ్బు. 2020 నుంచి పెద్ద కంపెనీల కొత్త గేమ్‌ల ధర 70 డాలర్లకు చేరింది. నెలకు 4,000 డాలర్లు వచ్చేవాడికి ఇది సగం రోజు సంపాదన. నెలకు 200 డాలర్లు వచ్చేవాడికి పదిన్నర రోజుల సంపాదన. అంకె ఒకటే, వస్తువూ ఒకటే. 'మానేయొచ్చు కదా' అనే సలహా నాకు ఎప్పుడూ ఆ సగం రోజు వైపు నుంచే వచ్చింది. 2011లో అమెరికాలోని సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్ పేద, మధ్యాదాయ దేశాల్లో పైరసీ మీద పెద్ద నివేదిక వేసింది. వాళ్లు తేల్చింది కూడా ఇంచుమించు ఇదే: స్థానిక ఆదాయంతో పోల్చి చూస్తే బ్రెజిల్, రష్యా, దక్షిణాఫ్రికాల్లో ఒక సీడీ గానీ డీవీడీ గానీ అమెరికా, యూరప్‌ల కంటే ఐదు నుంచి పది రెట్లు భారం. పైరసీని ముందుగా ధరల సమస్యగా చూడాలని ఆ నివేదిక అంటుంది.

ధర అంటే కంపెనీ దురాశ ఒక్కటే అనుకోకండి. 2013లో సోనీ గేమ్ కన్సోల్ పీఎస్4 అమెరికాలో 399 డాలర్లకు వస్తే, బ్రెజిల్‌లో 3,999 రియాళ్లకు వచ్చింది. అప్పటి మారకంలో 1,800 డాలర్ల పైమాటే. ఇందులో ఎక్కువ భాగం దిగుమతి పన్నులేనని సోనీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పన్నులు మోయలేక మరో గేమ్ కంపెనీ నింటెండో 2015 జనవరిలో అక్కడ అధికారిక అమ్మకాలే ఆపేసింది. కొందామన్నా కంపెనీయే లేని చోట పైరసీ కాక ఇంకేం మిగులుతుంది?

డబ్బు ఉన్నా కుదరని సందర్భాలు ఇంకా చిరాకు. నా మొదటి జీతం వచ్చాక గేమ్ కొందామని కూర్చుంటే, నా డెబిట్ కార్డు విదేశీ చెల్లింపులకు పనికిరాదని తేలింది. ఆ రాత్రి మళ్లీ క్రాకే. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 గేమ్ ఆడే పీసీ వాళ్లందరికీ సోనీ ఆన్‌లైన్ సేవ అయిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో అకౌంట్ తప్పనిసరి అన్నారు. అప్పటికి ఆ నెట్‌వర్క్ లేని దేశాలు ఎన్నో. ఫిలిప్పీన్స్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా అన్నీ అందులోనే. మొత్తం 177 దేశాల్లో, ప్రాంతాల్లో పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్ నుంచి ఆ గేమ్ మాయమైంది. జనం గోల పెట్టాక అకౌంట్ నిబంధన వెనక్కి తీసుకున్నారు గానీ, అమ్మకం మాత్రం చాలా చోట్ల చాలాకాలం ఆగే ఉంది. వీళ్లు డబ్బు ఇస్తామన్నవాళ్లండీ!

స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ అధినేత గేబ్ న్యూవెల్ 2011లోనే ఈ మాట చెప్పాడు: పైరసీ చాలావరకు ధర సమస్య కాదు, సేవ సమస్య అని. రష్యాలో ఎవరూ కొనరు, అక్కడ అమ్మడం దండగ అని అందరూ చెప్పారట. అక్కడి భాషలో, ఇబ్బంది లేకుండా అందించేసరికి యూరప్‌లోని వాళ్ల పెద్ద మార్కెట్లలో అదీ ఒకటైంది. పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ అనే గేమ్ కంపెనీ వాళ్లది ఇంకా ముచ్చటైన కథ. దాన్ని పెట్టినవాళ్లలో ఒకడైన మార్చిన్ ఇవిన్‌స్కీ కుర్రతనంలో పైరసీ గేమ్‌లు చేతులు మార్చినవాడే. 1999లో బాల్డర్స్ గేట్ అనే గేమ్‌ను పోలిష్ భాషలోకి తెచ్చి, డబ్బాలో మ్యాపు, పాటల సీడీ లాంటివి పెట్టి అమ్మారు. పైరసీవాడు ఇవ్వలేనిది వీళ్లు ఇచ్చారు. జనం కొన్నారు. అయితే 'ధర కాదు, సేవ' అన్న న్యూవెల్ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. పదిన్నర రోజుల సంపాదన అడిగే గేమ్‌ను బంగారు పళ్లెంలో పెట్టి ఇచ్చినా నా వల్ల అయ్యేది కాదు.

నన్ను నిజంగా మార్చింది ప్రాంతీయ ధర. అంటే ఒకే గేమ్‌ను ఒక్కో దేశంలో అక్కడి ఆదాయాన్ని బట్టి ఒక్కో రేటుకు అమ్మడం. దానికి సేల్ తోడైతే మూడేళ్ల పాత గేమ్ ఒక పూట ఖర్చులోకి వచ్చేస్తుంది. నేను మొదట కొన్నది అప్పటికే పైరసీలో రెండుసార్లు పూర్తి చేసిన గేమ్. పశ్చాత్తాపం లాంటిదేమీ లేదు. దానికి కొత్త ప్యాచ్, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్ వచ్చింది, నా కాపీకి అది ఎక్కలేదు, చేతిలోకి కొత్త కార్డు వచ్చింది, ధర అందుబాటులో ఉంది. కొన్న మరుసటి ఏడాది హార్డ్‌డిస్క్ పోయింది. కొత్తది బిగించి లాగిన్ అయితే, నేను ఆపిన చోటే నా గుర్రం నిలబడి ఉంది. ఇక క్రాక్ ఫోల్డర్ జోలికి వెళ్లబుద్ధి కాలేదు.

కానీ ఈ ప్రాంతీయ ధర గాలిలో దీపం. ఆర్పేది కంపెనీ ఒక్కటే కాదు, డబ్బున్న దేశాల్లోని ఆటగాళ్లు కూడా. వీపీఎన్ పెట్టి, తాము అర్జెంటీనాలోనో టర్కీలోనో ఉన్నట్టు చూపించి, అక్కడి ధరకు కొనుక్కునేవాళ్లు లక్షణంగా ఉన్నారు. పైగా దాన్ని తెలివితేటలుగా చెప్పుకుంటారు. స్టీమ్ 2021లో దేశం మార్చుకోవడాన్ని మూడు నెలలకు ఒక్కసారికి పరిమితం చేసింది. ఆ లోపు అర్జెంటీనా పెసో, టర్కీ లీరా రెండూ పడిపోతూనే ఉన్నాయి. చివరికి మారకం నిలకడగా లేదన్న కారణంతో 2023 నవంబర్ 20 నుంచి ఆ రెండు దేశాల్లోనూ డాలర్లలోనే ధరలు పెట్టారు. చాలా గేమ్‌లు రాత్రికి రాత్రి ఎన్నో రెట్లు పెరిగాయి. వీపీఎన్‌వాడు నవ్వుకుని తన సొంత దేశం ధరకు కొనుక్కున్నాడు. అసలు అర్జెంటీనావాడు మాత్రం ఎక్కడికి పోతాడు? పైరసీ చేసే పేద కుర్రాడి మీద నీతులు చెప్పే పోస్టులు వంద చూశాను. ఈ వీపీఎన్ బాపతు మీద మాత్రం అంత కోపం ఎవరికీ రాదు.

ఇంకో దారి ఉంది, దాని జోలికి పోకండి: ఎవరెవరో సగం ధరకు అమ్మే 'కీ'లు, అంటే గేమ్‌ను మన అకౌంట్‌లోకి తెచ్చే కోడ్‌లు. కొన్ని దొంగ కార్డులతో కొన్నవి. అసలు కార్డుదారు ఫిర్యాదు చేస్తే ఆ నష్టం గేమ్ తయారుచేసినవాళ్ల నెత్తిన పడుతుంది. ఫ్యాక్టోరియో అనే గేమ్ చేసినవాళ్లు గొడవపడితే, 198 కీలు అక్రమమైనవని తేలి, అలాంటి కీలు అమ్మే సైట్ జీ2ఏ 2020లో 39,600 డాలర్లు చెల్లించింది. అక్కడ కొనే బదులు పైరసీ చేసుకోండి అని 2019లో కొందరు డెవలపర్లే బాహాటంగా అన్నారు.

అయితే పైరసీతో ఎవరికీ నష్టం లేదా? ఉంది. 2013లో గేమ్ డెవ్ టైకూన్ అనే గేమ్ చేసిన అన్నదమ్ములిద్దరూ తమ గేమ్ పైరసీ కాపీని తామే బయటికి వదిలారు. అందులో ఆటగాడు పెట్టిన గేమ్ కంపెనీ కొంతకాలానికి పైరసీ వల్లే దివాలా తీస్తుంది. మొదటి రోజు ఆడినవాళ్లలో 93.6 శాతం ఆ కాపీవాళ్లే. వాళ్లలో కొందరు వచ్చి, మా కంపెనీ మునిగిపోతోంది, పైరసీని ఆపే మార్గం ఉందా అని అడిగారు! క్రాక్ చేయనివ్వకుండా అడ్డుకునే డెనువో రక్షణ ఉన్న పీసీ గేమ్‌ల మీద 2024లో వచ్చిన ఒక పరిశోధన కూడా ఉంది. విడుదలైన మొదటి వారంలోనే క్రాక్ వస్తే సగటున 20 శాతం ఆదాయం పోతుందట, పన్నెండు వారాలు దాటాక వస్తే నష్టం దాదాపు లేనట్టే. అంటే ఓపిక పట్టి పాత గేమ్‌లు ఆడుకునే పేదవాడి వల్ల పోయేది తక్కువ. అయినా మా గేమ్ విడుదలైన రెండో రోజే క్రాక్ లింకు కనిపించినప్పుడు, ఈ లెక్కలేవీ నాకు గుర్తు రాలేదు. కడుపు మండింది, అంతే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: తప్పే. నేను చేసిందీ తప్పే. కానీ చేతిలో డబ్బున్నవాడు చేసినదీ, కార్డూ లేక, ధరా అందక, అమ్మేవాడే లేక చేసినదీ ఒకే గాటన కట్టలేను.

మా గేమ్ వచ్చిన కొన్ని వారాలకు ఒక కుర్రాడి నుంచి మెయిల్ వచ్చింది. మూడో లెవెల్లో లిఫ్ట్ ఎక్కి సేవ్ చేస్తే, మళ్లీ లోడ్ చేసినప్పుడు పాత్ర నేలలోంచి కిందికి జారిపోతోందని స్క్రీన్‌షాట్లతో సహా పంపాడు. వెర్షన్ నంబర్ చూస్తే క్రాక్ కాపీదే. మాలో ఒకరు ఆ బ్యాట్‌మ్యాన్ జవాబే పంపుదాం అన్నారు. నేను మా ఒరిజినల్ కాపీలో లిఫ్ట్ ఎక్కి, సేవ్ చేసి, లోడ్ చేశాను. పాత్ర నేలలోంచి జారిపోయింది. ఆ వారం ప్యాచ్‌లోనే సరిచేశాం, ఆ కుర్రాడికి ఒక కీ కూడా పంపాం.