కొలరాడోలో ఎత్తైన కొండల మీద మ్యూల్ డీర్ (ఒక రకం జింక) వేటకు స్కౌటింగ్, అంటే జింకలు ఎక్కడ తిరుగుతున్నాయో ముందే చూసి పెట్టుకోవడం, ఎప్పుడు, ఎలా చేయాలి?

జూలై చివరి నుంచి ఆగస్టు మూడో వారం దాకా మంచి సమయం. విల్లుతో వేటాడే సీజన్ సెప్టెంబరు మొదట్లోనే మొదలవుతుంది, అప్పుడు వెతుకుదాంలే అంటే ఆలస్యమే. ట్యాగ్ (వేట అనుమతి) లాటరీ దరఖాస్తు గడువు అంతకంటే చాలా ముందే, వసంతంలోనే ముగిసిపోతుంది.

వేసవిలో మగ జింకల కొమ్ముల మీద మెత్తటి నూగు చర్మం ఉంటుంది. అప్పుడవి గుంపులుగా, చెట్లు ఆగిపోయే హద్దుకు పైన, సుమారు 11,500 అడుగుల ఎత్తున బయటే మేస్తాయి. ఎర్రటి బొచ్చు పచ్చగడ్డిలో దూరం నుంచే కనబడుతుంది.

కొండంతా తిరిగితే జింకలు బెదిరిపోతాయి. తెల్లారకముందే ఎదురు గట్టు మీద కూర్చుని, ట్రైపాడ్‌కు బిగించిన బైనాక్యులర్స్‌తో ఒక్కో వాలునూ ఓపిగ్గా చూడండి. ఎండెక్కాక అవి బండల నీడలో పడుకుంటాయి. అక్కడ మొత్తం జింక కనబడదు, విదిలించిన చెవో, కొమ్ము కొసో కనిపిస్తుంది. నీడ జరిగితే లేచి నాలుగడుగులు వేసి మళ్లీ పడుకుంటాయి. చాలామంది టిఫిన్ పొట్లం విప్పేది సరిగ్గా అప్పుడే! ఆ చోటు గుర్తు పెట్టుకోండి. పొద్దున గాలి కిందికి దిగుతుందనీ, ఎండెక్కాక పైకి మళ్లుతుందనీ కూడా.

మధ్యాహ్నం పిడుగుల వానలు మామూలే, ఆలోపే గట్టు దిగాలి.

ఆగస్టు చివర, సెప్టెంబరులో నూగు రాలాక పెద్ద మగవి దిగువ అడవిలోకి జారుకుంటాయి. అందుకే దగ్గర్లోని దట్టమైన చెట్ల గుంపులనూ మ్యాప్‌లో గుర్తించి ఉంచుకోండి.