పిస్తోలు తూటాతో జింక వేట: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా అల్లుడు ఒహాయో రాష్ట్రంలో స్థిరపడి అమెరికా పౌరసత్వం కూడా పొందాడు. ఈ శీతకాలం స్నేహితులతో కలిసి జింక వేటకు వెళ్లాలని, అందుకోసం లీవర్ లాగి తూటా ఎక్కించే పాతకాలపు పద్ధతి రైఫిల్ ఒకటి కొనాలని అనుకుంటున్నాడు. .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .45 కోల్ట్ అనే మూడు రకాల్లో ఏది తీసుకోవాలో తేలక, సైన్యంలో పనిచేసినవాణ్ణి కదా అని నన్ను అడిగాడు. నేను పట్టింది సైన్యం వాడిన 7.62 ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్). పిస్తోళ్లలో వాడే తూటాను రైఫిల్లో పెట్టి జింకను కొట్టడమేమిటో నాకు అంతుబట్టలేదు. ఆ తూటా చాలుతుందా? చాలితే మూడింటిలో ఏది మేలు?
– ఒక మాజీ సైనికుడు, తిరుపతి

సమాధానం: మీరు వాడిన 7.62 తూటాను ఒహాయో చట్టం జింక వేటకు అసలు ఒప్పుకోదు కాబట్టి, ఆ పోలికను ముందుగానే పక్కన పెట్టడం మంచిది. ఆ తూటా ఇత్తడి గొట్టం అడుగున లావుగా ఉండి పైకి వచ్చేసరికి సీసా మెడలా సన్నబడుతుంది. లోపల మందు ఎక్కువ, పైన గుండు సన్నం. అందువల్ల గుండు సెకనుకు 2,700 అడుగులకు పైబడిన వేగంతో బయలుదేరి, గురి తప్పిన పక్షంలో మైళ్ల దూరం పోతుంది. ఒహాయో, ఇండియానా, మిషిగన్ దక్షిణ భాగం చాలావరకు చదునైన పొలాలు, వాటి నడుమ ఇళ్లు ఉన్న ప్రాంతాలు. గుండును ఆపడానికి మన శేషాచలం వంటి కొండ అడ్డు ఉండదు. ఈ కారణంగానే అక్కడ చాలాకాలం షాట్‌గన్‌తో ఒంటి గుండు పేల్చడానికే ఎక్కువగా అనుమతి ఉండేది. ఆ తరువాత ఇండియానా 2007లో పిస్తోలు తూటాల రైఫిళ్లను, ఒహాయో 2014లో మెడ లేకుండా గొట్టం నిటారుగా ఉండే తూటాల రైఫిళ్లను అనుమతించాయి. మీ అల్లుడు చెప్పిన మూడూ ఈ కోవలోనివే.

ఇక బలం సంగతి. పిస్తోలు తూటా అనగానే చేతిలో ఇమిడే తుపాకీతో వచ్చే వేగమే మన మనసులో మెదులుతుంది. .357, .44 మాగ్నమ్ తూటాల్లో నింపే మందు నెమ్మదిగా కాలే రకం కావడంతో, రివాల్వరు పొట్టి బారెల్‌లో అది పూర్తిగా కాలకముందే గుండు బయటపడుతుంది. అదే తూటాను 18 లేదా 20 అంగుళాల బారెల్‌లో పేలిస్తే, వాయువు గుండును ఇంకా చాలా దూరం తోస్తుంది. 158 గ్రెయిన్ల .357 గుండు నాలుగంగుళాల రివాల్వరు నుంచి సెకనుకు సుమారు 1,235 అడుగుల వేగంతో వస్తే, రైఫిల్ నుంచి 1,800 అడుగుల దాకా వస్తుంది. దాని శక్తి రెట్టింపును మించుతుంది. 240 గ్రెయిన్ల .44 మాగ్నమ్ గుండు రైఫిల్ నుంచి సుమారు 1,760 అడుగుల వేగం, 1,650 ఫుట్-పౌండ్ల శక్తి అందుకుంటుంది. గ్రెయిన్ అంటే గ్రాములో ఇంచుమించు పదిహేనో వంతు కాబట్టి, ఈ రెండో గుండు బరువు పదిహేను గ్రాములు దాటుతుంది. మీ ఎస్‌ఎల్‌ఆర్ గుండు పది గ్రాములకు లోపే. అట్టపెట్టె మీద అచ్చువేసిన వేగాన్ని ఎంత పొడవు బారెల్‌తో కొలిచారో చూడకుండా పోల్చి, పొరపాటు నిర్ణయానికి వచ్చేవారు చాలామంది ఉన్నారు. మీ అల్లుణ్ణి ఆ చిన్న అక్షరాలు చదవమనండి.

ఈ వేగం ఎంతోసేపు నిలవదు. గుండు మొద్దుగా ఉండటం వల్ల గాలి దాన్ని త్వరగా నిలదీస్తుంది. నూరు గజాల దగ్గర .44 శక్తి సుమారు 1,000 ఫుట్-పౌండ్లకు, .357 శక్తి సుమారు 700కు పడిపోతుంది. నూరు గజాలకు గురి సరిచేసిన .44 రైఫిల్‌తో 150 గజాల జింకను కొడితే గుండు దాదాపు అర అడుగు కిందికి, 200 గజాలకు అడుగున్నర దాకా కిందికి దిగుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా ఎనిమిది అంగుళాలకు మించదు కనుక, ఆ దూరంలో దెబ్బ కాలికో పొట్టకో తగిలి జంతువు గాయంతో పొదల్లో పడి చావడమే జరుగుతుంది. ఈ తూటాలతో వేటాడేవాడికి నూరు గజాలు, మహా అయితే నూట పాతిక గజాలు హద్దు. అంతకు మించి కొట్టాలన్న కోరిక ఉంటే ఈ రకం రైఫిలే వద్దు; .450 బుష్‌మాస్టర్ వంటి, రైఫిల్ కోసమే చేసిన నిటారు గొట్టపు తూటాలు వేరే ఉన్నాయి.

మూడింటిలో నా ఓటు .44 మాగ్నమ్‌కే. అక్కడి తెల్లతోక జింక పోతు మన చుక్కల దుప్పికి తీసిపోని జంతువు. .44 గుండు దాని ఒంట్లో ఇవతల దూరి అవతల బయటపడే అవకాశం ఎక్కువ. రెండు రంధ్రాలు పడితే నెత్తుటి జాడ పట్టుకొని వెతకడం తేలిక. .357తో జింకలను కొట్టేవారు లేకపోలేదు. అది భుజాన్ని దాదాపు తన్నదు, సాధనకు అదే రైఫిల్లో చవకైన .38 స్పెషల్ తూటాలు పేల్చవచ్చు. కానీ దాన్ని డెబ్బై ఐదు గజాల లోపు, జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడు, చెయ్యి తిరిగినవాడు వాడితేనే న్యాయం. తొలిసారి వేటకు వెళ్లేవాడు గుండె దడతో ఇన్ని షరతులు గుర్తుపెట్టుకోవడం కష్టం.

.45 కోల్ట్ 1873 నాటిది. ఆనాటి పాత రివాల్వర్లు నేటికీ వాడుకలో ఉన్నందున, కంపెనీలు దాని మామూలు తూటాను ఇప్పటికీ తక్కువ ఒత్తిడితోనే తయారుచేస్తాయి. గట్టి రైఫిళ్ల కోసం వేరే బలమైన తూటాలు దొరుకుతాయి, సొంతంగా మందు నింపుకొనేవారికి ఇంకా బాగుంటుంది. దుకాణంలో కొన్న మొదటి పెట్టెతో పొలానికి వెళ్లే మనిషికి మాత్రం అది తలనొప్పి.

క్యాలిబర్, అంటే తూటా కొలత, తేలాక అసలు పని మిగిలే ఉంటుంది, అది గుండు ఎంపిక. .44 తూటాను అరచేతిలో పెట్టుకొని చూస్తే, నాలుగు సెంటీమీటర్ల పొడవు, కొసన మొనకు బదులు చదునుగా కోసినట్టున్న సీసం కనిపిస్తుంది. లీవర్ రైఫిల్లో తూటాలు బారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా నిలుస్తాయి. వెనుక తూటా కొస ముందు తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్‌కు ఆనుకొని ఉంటుంది. గట్టి మొన ఉన్న తూటా నింపితే, కుదుపుకు ఆ గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది. కాబట్టి చదును కొస గుండు గానీ, హోర్నడీ కంపెనీ లీవరెవల్యూషన్ పేరుతో అమ్మే మెత్తటి కొస గుండు గానీ వాడాలి. రెండో సంగతి, ఆత్మరక్షణ కోసం అమ్మే బోలు కొస గుండ్లు రివాల్వరు వేగానికి తగినట్టు చేసినవి. .357లో అవి రైఫిల్ వేగంతో తగిలితే చర్మం కిందే చిట్లి లోతుకు పోవు. .357లో 158 లేదా 180 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (కొసన మెత్తటి సీసం బయటికి కనిపించే గుండు), .44లో 240 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ చాలు. పాత మార్లిన్ 1894 .44 రైఫిళ్ల బారెల్ లోపల గుండును తిప్పే గాడుల మెలిక 38 అంగుళాలకు ఒక చుట్టు మాత్రమే. మరీ బరువైన గుండ్లు వాటిలో స్థిరంగా తిరగవు.

ప్రశ్న: మా తమ్ముడి దగ్గర 9 ఎంఎం రైఫిల్ ఇప్పటికే ఉంది. అతనూ ఒహాయోలోనే ఉంటాడు. దానితో సరిపెట్టుకోకూడదా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

సమాధానం: కుదరదమ్మా. ఒహాయోలో గుండు వ్యాసం కనీసం .357 అంగుళం ఉండాలి. 9 ఎంఎం గుండు వ్యాసం .355 అంగుళం. వెంట్రుకవాసి తేడాయే అయినా నియమం నియమమే. మిషిగన్ తన దక్షిణ ప్రాంతంలో తూటా గొట్టం పొడవు కూడా 1.16 అంగుళాలకు తగ్గకూడదని షరతు పెట్టింది, 9 ఎంఎం గొట్టం అందులో మూడింట రెండు వంతులే. చట్టం లేకపోయినా నేను వద్దనే చెబుతాను. ఆ తూటాలో మందు కొద్ది, త్వరగా కాలిపోతుంది కాబట్టి బారెల్ పొడవు పెరిగినా లాభం స్వల్పం.

ప్రశ్న: కౌండిన్య అడవి అంచున మాకు పొలం ఉంది. లైసెన్సు తుపాకీ ఉన్నవారు పంట మేసే జింకలను, పందులను ఇక్కడ కొట్టవచ్చా?
– ఒక రైతు, పలమనేరు

సమాధానం: పైన చెప్పిందంతా అమెరికా రాష్ట్రాలు లైసెన్సు ఇచ్చి, కాలం, సంఖ్య నిర్ణయించి నడిపే వేటకు సంబంధించినది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. తుపాకీ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే. అది వేటకు అనుమతి కాదు. పంట నష్టం విషయంలో అధికారం ఉన్న అటవీ అధికారి 11వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప ఏ జంతువు మీదా తుపాకీ ఎత్తకండి. ముందుగా మీ రేంజ్ కార్యాలయంలో నష్టపరిహారం కోసం అర్జీ పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-1బీ వీసా మీద మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితుడి రైఫిల్ తీసుకొని వేటకు వెళ్తే తప్పా?
– ఒక తండ్రి, చిత్తూరు

సమాధానం: ఈ ప్రశ్న వేసినందుకు సంతోషం, ఎందుకంటే అక్కడున్న మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. గ్రీన్‌కార్డు లేకుండా తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది; అరువు తెచ్చుకున్నా, కాసేపు చేతపట్టుకున్నా అది వర్తిస్తుంది. ఇందుకు ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. కాబట్టి మీ అబ్బాయి ముందు వేట భద్రత శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకొని, ఆ తరువాతే రైఫిల్ ముట్టాలి. షూటింగ్ రేంజికి సరదాగా వెళ్లినా ఇదే వరుస. 2019లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు, చదువు వీసా కోల్పోయిన విద్యార్థి రేంజిలో తుపాకీ పేల్చినందుకు పెట్టినదే. వీసా హోదా చెడినవారికి వేట లైసెన్సు కూడా రక్షణ ఇవ్వదు. ఇంకొక్క మాట: వేటకు వేసుకున్న కోటునే తొడుక్కొని సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు జేబులన్నీ తిరగేసి చూసుకోమనండి. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా రేణిగుంట విమానాశ్రయం తనిఖీలో బయటపడినా, ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవలసి వస్తుంది.