అది నూరువరహాలే అక్కా, పసుపు ఆకులకు అన్నభేది కొట్టండి

హనుమకొండలో కొత్త ఇంటి ప్రహరీ పక్కన పెట్టిన ఎర్రపూల మొక్క పేరేంటి, లేత ఆకులు ఎందుకు పసుపెక్కుతున్నాయి అని అడిగారు కదా. ఎదురెదురుగా జతలుగా ఆకులు, కొమ్మ చివర గుత్తి, సన్నటి పొడవాటి కాడ మీద నాలుగే రేకులు అన్నారంటే అది నూరువరహాలే అక్కా. పువ్వు తుంచి కాడ చివర చీకితే తేనె చుక్క తగులుతుంది. చిన్నప్పుడు మా పనే అది.

ఇక పసుపు సంగతి. మీ ఫొటోలో ఆకు పసుపుగా ఉన్నా ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి, అదీ లేత ఆకుల్లోనే. ఇది ఇనుప ధాతు లోపం. నూరువరహాలుకు కాస్త పులుపు (ఆమ్ల గుణం ఉన్న) నేల కావాలి. గోడ కట్టినప్పుడు పడిన సిమెంటు, సున్నం, పైగా బకెట్‌కు తెల్లపొర కట్టే బోరు నీళ్లు. ఇవన్నీ ఆ పులుపును తగ్గిస్తాయి, అందుకే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, నేను యూరియా వేసి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. వారానికోసారి, రెండు మూడు సార్లు. కొత్త చిగురు పచ్చగా వస్తే దారిలో పడ్డట్టే. వానాకాలంలో గోడకు మూడడుగుల దూరం జరిపి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. వాన నీళ్లు పట్టి పోస్తే ఇంకా మంచిది. పూలు వాడాక కొసలు కత్తిరించండి, కొత్త కొమ్మ చివరే మళ్లీ గుత్తి వస్తుంది.