నీ గొంతు వినిపించకూడదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఎంవీపీ కాలనీలో మీ ఇంటి ముందుగదిలోనే సంగీతం పాఠాలు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఏడుగురు పిల్లలట, ఒక పెద్దాయనట. చాపలు, ఆధార స్వరం పలికే శ్రుతి పెట్టె కూడా కొన్నావట. చాలా సంతోషం. పాఠం జరుగుతున్నంతసేపు సీలింగ్ ఫ్యాను ఆపగలవేమో చూడు. విశాఖ ఉక్కలో అది శిక్షే అని నాకూ తెలుసు. కానీ ఆ హోరులో శ్రుతి మునిగిపోతుంది, దాన్ని దాటడానికి పిల్లలు అరుస్తారు. పొద్దున్న ఏడింటికే పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక అసలు సంగతి. పిల్లలతో కలిసి పాడకు.

కొత్తలో రెండేళ్లు నేను చేసిన తప్పు అదే. నేను ‘స’ అంటే వాళ్లూ ‘స’, నేను ‘రి’ అంటే వాళ్లూ ‘రి’. గది నిండా నా గొంతే. ఎంత చక్కగా పాడుతున్నారో అని మురిసిపోయాను. ఒకరోజు జలుబు చేసి గొంతు పెగలలేదు, మీరే పాడండి అన్నాను. జంట స్వరాల పాఠాలు పూర్తిచేసిన పిల్లల్లో ఒక్కరికీ ‘మ’ దాటాక శ్రుతి నిలవలేదు. వాళ్లు నేర్చుకున్నది నా వెనకాల రావడం మాత్రమే!

అందుకని నువ్వు ఒక్కసారి పాడి వినిపించి ఆపెయ్యి. చేత్తో తాళం వేస్తూ కూర్చో. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేవు, పెదవులు వాటంతటవే కదులుతాయి. నేనైతే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఒక్కొక్కరి చేత విడిగా పాడించు, తాళం ఒక్క చుట్టు, ఒక్క ఆవర్తనమైనా సరే. గుంపులో దాక్కునే గొంతు ఏదో అప్పుడే తెలుస్తుంది.

మేము నేర్చుకున్నది విజయనగరంలో. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన కళాశాల అది. మా గురువుగారు గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవారు. నిద్రపోతున్నారని మేము నవ్వుకునేవాళ్లం. ‘రి’, అదే రిషభం, కాస్త పైకి జరిగిందో, కళ్లు తెరిచేవారు. మాట ఉండేది కాదు. మళ్లీ మొదటి నుంచి అందుకోవడమే.

ఆ రిషభమే నీకూ చాలా పని పెడుతుంది. మొదటి పాఠాలు నడిచే మాయామాళవగౌళ రాగంలో అది శుద్ధ రిషభం, షడ్జానికి, అంటే ‘స’కి, ఆనుకునే ఉంటుంది. సినిమా పాటలు, బడి ప్రార్థనలు విన్న పిల్లలకు శంకరాభరణం రాగంలో పలికే, ఇంకాస్త పైనున్న రిషభం అలవాటు కాబట్టి పైకి లాగేస్తారు. అప్పుడు సరళి, అంటే ‘స రి గ మ’ వరస, మొత్తం పాడించకు. శ్రుతి పెట్టె మీద ‘స రి స’ మాత్రమే, పది రోజులైనా సరే. ఇందులో ఒక సదుపాయం ఉంది. ‘స రి గ మ’ల మధ్య ఎంతెంత దూరమో ‘ప ద ని స’ల మధ్యా అంతే. కిందిది కుదిరిన పిల్లకు పైది సగం వచ్చేసినట్టే. మొదటి పాఠాలకు పెద్దలు ఈ రాగాన్నే ఎంచడంలో ఎంత తెలివి ఉందో నాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాకే అర్థమైంది.

శ్రుతి నీ గొంతుకు కాదు, వాళ్ల గొంతుకు పెట్టు. నీది ఐదున్నర శ్రుతి కాబట్టి అందరికీ ఐదున్నర అనుకోకు. కింది షడ్జం గాలిలా వస్తే శ్రుతి తక్కువైనట్టు, పై షడ్జం దగ్గర మెడ నరాలు తేలితే ఎక్కువైనట్టు. పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లవాడి గొంతు మారుతుంటే పాఠం మాన్పించకు. శ్రుతి దించి, పై షడ్జం నుంచి మొదలయ్యే తారస్థాయి వదిలేసి, మెల్లగా పాడించు. వాడు సిగ్గుపడి మానేస్తే మళ్లీ రాడు.

ఎంత చెప్పినా శ్రుతిలో కలవని పిల్ల ఒకతె తప్పకుండా వస్తుంది. ‘నీకు చెవి లేదు’ అన్న మాట నీ నోట రాకూడదు. ఆ పిల్ల ఏ స్వరం పలికితే నువ్వే అక్కడికి వెళ్లి పట్టుకో. రెండు గొంతులూ ఒకటైనప్పుడు ఎలా ఉంటుందో ముందు తెలియనివ్వు. తరువాత కొంచెం కొంచెంగా శ్రుతి దగ్గరికి తీసుకురా. కలిసి పాడవద్దన్న నా మాటకు ఇది ఒక్కటే మినహాయింపు.

తాళం గురించి ఎక్కువ చెప్పను. రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, రాగానే పిల్లలు చేతిని కూడా పరుగెత్తిస్తారు. ఆది తాళం ఎనిమిది అక్షరాలూ ఏ కాలంలోనైనా ఒకే నడకలో పడాలి, మారేది నోరు మాత్రమే.

మూడో నెలలో తల్లులు అడుగుతారు, ‘ఇంకా సరిగమలేనా, పాట ఎప్పుడు?’ అని. కోపం తెచ్చుకోకు, అది న్యాయమైన ప్రశ్నే. వారానికి ఒక చిన్న నామం నేర్పు, దేవుడి దగ్గర పాడుకుంటారు. దసరాకి ఏదో ఒక వేదిక మీద వర్ణం లాంటి పెద్ద పాఠం పాడించాలని పట్టుబడితే మాత్రం ఒప్పుకోకు. ఫీజు నెల మొదట్లోనే తీసుకో. నేను మొహమాటపడి చాలా పోగొట్టుకున్నాను.

పెద్దాయన సంగతి వేరు. ఆయనకు చెవి ఉంటుంది, భయం కూడా ఉంటుంది. పిల్లల ఎదుట పాడించకు, వేరే సమయం ఇవ్వు.

అమెరికాలో ఉన్న మనవరాళ్లకు ఫోనులో పాఠం చెప్పమని కూడా అడుగుతారు. ఒప్పుకో. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అక్కడ కలిసి పాడాలన్నా కుదరదు. వినడం అలవాటు కావడానికి నీకు అదే మంచిది.

నెల తిరిగాక ఒక పిల్ల మొదటి సరళి ఒక్కతే పాడుతుంటే రికార్డు చేసి నాకు పంపు. తప్పులున్నా ఫర్వాలేదు. నీ గొంతు మాత్రం అందులో వినిపించకూడదు.

మీ టీచరు,
సీతమ్మధార