ఉఫీజీ తలుపు సోమవారం తెరవరు

అమ్మాయ్,

ఇటలీ, పారిస్ ప్రయాణం మీద నువ్వు రాసిన ‘ఎనిమిది రోజుల్లో ఆరు నగరాలు’ వ్యాసం అందింది. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. “ఆదివారం ఉదయం వాటికన్ మ్యూజియం తీరిగ్గా చూసుకుని, సోమవారం ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ గ్యాలరీకి వెళ్లవచ్చు” అని రాశావు. వాటికన్ మ్యూజియానికి ఆదివారం సెలవు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, అదీ మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే లోపలికి పోనివ్వరు. ఆ పూట క్యూ ప్రహరీ గోడ వెంబడి ఎంత దూరం సాగుతుందో చూసినవాళ్లెవరూ ‘తీరిగ్గా’ అని రాయరు. ఇక ఉఫీజీకి సోమవారం సెలవు. అదే ఊళ్లో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాదెమియా మ్యూజియానికీ సోమవారమే సెలవు. ఒక్క వాక్యంతో పాఠకుడివి రెండు రోజులు మింగేశావు. ఆ పాఠకుడు ఖమ్మంలోనో కాకినాడలోనో రిటైరై, పీఎఫ్ డబ్బులో కొంత తీసి, భార్యతో మొదటిసారి విదేశం బయల్దేరిన మనిషి. ఉఫీజీ మూసి ఉందని మళ్లీ వచ్చే ఏడు వెళ్లడు.

రోమ్ వీధుల్లో మంచినీళ్ల కుళాయిల మీద రాసిన నాలుగు లైన్లు బాగున్నాయి. వంపు గొట్టం చివర వేలితో మూస్తే, పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్లు చిమ్ముతాయని, సీసా లేకపోయినా అలా తాగవచ్చని రాశావు. అది చూసి రాసింది. ఊరంతా అలాంటివి సుమారు 2,500 ఉన్నాయని కూడా చేర్చు, సీసా కొనే ఖర్చు తప్పుతుంది.

రోమ్ పేజీల్లో కుళాయిలున్నాయి, రాళ్లు పరిచిన రోడ్డు మీద నొప్పెట్టిన మడమలున్నాయి. ఫ్లోరెన్స్ రాగానే ‘మంత్రముగ్ధం’, ‘కళల కాణాచి’, ‘కాలం స్తంభించిన చోటు’ మొదలయ్యాయి. నువ్వు వెళ్లింది రోమ్ ఒక్కటేననీ, మిగతా ఐదూ వీడియోలు చూసి రాశావనీ అక్కడే తెలిసిపోయింది. తెలిసినంత మేర రచయిత చేతికి నామవాచకాలు వస్తాయి, తెలియని చోట విశేషణాలు వస్తాయి. యాత్రా రచన గురించి నాకున్న నమ్మకం ఇదొక్కటే, దీని మీద ఎవరితోనైనా తగువుకు సిద్ధం. తలుపు ఎన్నింటికి తెరుస్తారు, ఏ రోజు మూస్తారు, టికెట్ ఎక్కడ కొనాలి, మెట్లెన్ని, మరుగుదొడ్డి ఎక్కడ. ఇవి రాశాక చోటు మిగిలితే అప్పుడు మనసు పులకించనీ.

సంపాదకులు ఒప్పుకోరు, ముందే చెబుతున్నాను. ఒక వారపత్రికాయన నా వ్యాసంలోంచి రైళ్ల వేళలన్నీ కొట్టేసి, “ఇవి గైడు పుస్తకం సంగతులు, మాకు అనుభూతి కావాలి” అన్నాడు. అనుభూతి పట్టుకుని స్టేషన్‌కి వెళితే రైలు దొరకదు. ఇప్పుడు దానికి తోడు ‘ఎవరికీ తెలియని పది చోట్లు’ ఫ్యాషనొకటి. తెలిసిన చోట్ల తలుపులే సరిగా రాయలేకపోతున్నాం, తెలియనివి దేనికి?

నీ లెక్కకు వద్దాం. రోమ్, పీసా, ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్, పారిస్. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి వేగపు రైలు గంటన్నర అన్నావు, నిజమే. కానీ ఊరు మారడమంటే రైలు ప్రయాణం ఒక్కటే కాదు. పెట్టె సర్ది గది ఖాళీ చేయడానికి ముప్పావుగంట, స్టేషన్‌కి అరగంట, ప్లాట్‌ఫాం నంబరు పడేదాకా బోర్డు కింద ఇరవై నిమిషాలు, రైల్లో గంటన్నర, దిగి హోటల్ వెతుక్కోవడానికి మరో అరగంట. గది చాలాచోట్ల మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇవ్వరు, కాబట్టి పెట్టె వాళ్ల దగ్గర పడేసి మళ్లీ బయటికి. అన్నీ కలిపి దాదాపు నాలుగు గంటలు. ఆరు ఊళ్లంటే ఐదు మార్పులు, ఇరవై గంటలు, అంటే రెండు నిండు పగళ్లు. పోను మిగిలిన ఆరు రోజుల్లో ఆరు ఊళ్లు. మనవాళ్లకు మొదటి రెండు రోజులు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుందన్నది వేరే. వేసవిలో మనకూ ఇటలీకీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర.

రోజులు లెక్కపెట్టొద్దు, రాత్రులు లెక్కపెట్టు. ఎనిమిది రాత్రులుంటే రోమ్‌కి నాలుగు, ఫ్లోరెన్స్‌కి రెండు, వెనిస్‌కి రెండు. పీసా, మిలాన్, పారిస్ తీసెయ్. మిలాన్‌లో డావిన్సీ గోడచిత్రం ‘లాస్ట్ సప్పర్’ చూసి రావచ్చని ఎంత సులువుగా రాశావు! కొద్దిమంది చొప్పున వదిలి, పావుగంట మాత్రమే లోపల ఉండనిస్తారు, టికెట్లు చాలా ముందే అయిపోతాయి, దానికీ సోమవారం సెలవే. విమానం టికెట్ రోమ్‌లో దిగి వెనిస్‌లో ఎక్కేలా ‘మల్టీ సిటీ’ కింద వెతకమను. రానూపోనూ రోమ్‌కే తీసుకుంటే ఆఖరి రోజంతా వెనక్కి రావడానికే సరిపోతుంది.

ఇక రోమ్. ఫ్యుమిచీనో విమానాశ్రయం నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో తెర్మినీ స్టేషన్‌కి చేరుస్తుంది. కొలోసియం టికెట్ మీద పేరుంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. మనవాళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే. ఇంటిపేరును పొడి అక్షరం చేసి ‘కె. లక్ష్మి’ అని కొనేస్తారు, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, అక్షరం పొల్లుపోకుండా కొట్టమని రాయి. మామూలు టికెట్లు సందర్శన తేదీకి ముప్పై రోజుల ముందు అధికారిక సైటులో పెడతారు. అక్కడ అయిపోయాక రెండింతలు, మూడింతల ధరకు అమ్మే దళారులు చాలామంది. అదే టికెట్ మీద పక్కనున్న పాత రోమన్ శిథిలాలు, ఫోరమ్, పాలటైన్ కొండ కూడా చూడవచ్చు. పాంథియన్ అనే ప్రాచీన ఆలయానికి 2023 జూలై నుంచి టికెట్ పెట్టారు, నువ్వింకా ‘ఉచితం’ అనే రాశావు. సెయింట్ పీటర్స్ చర్చి నిజంగానే ఉచితం, కానీ భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, మెటల్ డిటెక్టర్ క్యూ ఎండలో ఉంటుంది. బుధవారం పొద్దున పోప్ దర్శనమిస్తే చర్చిలోకి మధ్యాహ్నం దాకా వదలకపోవచ్చు. కాబట్టి వాటికన్‌కి బుధవారం వెయ్యకు. ఫ్లోరెన్స్‌లో సోమవారం పడకుండా మొత్తం ప్రయాణాన్ని అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టు. శుక్రవారం రోమ్‌లో దిగితే మంగళవారం ఫ్లోరెన్స్, గురువారం వెనిస్. అలా దిగినవాళ్లకు రోమ్‌లో చేతికొచ్చేవి శని, ఆది, సోమవారాలే, కాబట్టి వాటికన్ మ్యూజియం సోమవారం. అది సోమవారం తెరిచే ఉంటుంది.

రైలు టికెట్లలో రెండు జాతులు. వేగపు రైలు టికెట్‌లో బండి నంబరు, సీటు ఉంటాయి. ముందు కొంటే బాగా చవక, కానీ చవకవి మార్చుకోలేం. విమానం దిగిన రోజుకు అలాంటిది కొనొద్దు, విమానం ఆలస్యమైతే డబ్బు గాలికే. ప్రాంతీయ రైలు కాగితం టికెట్‌ను ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మెషీన్లో పెట్టి తేదీ గుద్దించుకోవాలి. గుద్దించకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా పడుతుంది. సమ్మెలు అక్కడ మామూలే, ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని ప్రాంతీయ రైళ్లు తప్పకుండా నడుపుతారు.

ఫ్లోరెన్స్‌లో పెద్ద చర్చి మీదున్న బ్రునెలెస్కీ గుమ్మటం గురించి ‘మేఘాలను తాకే’ అన్నావు. 463 మెట్లు, లిఫ్టు లేదు. రెండు పొరల మధ్య ఒక మనిషి పట్టేంత సందులో వంగి ఎక్కాలి, మధ్యలో వెనక్కి తిరగడానికి వీలుండదు. మోకాళ్ల నొప్పులున్న ఆ రిటైరైన మనిషికి మేఘాల సంగతి కన్నా ఈ 463 ముఖ్యం. ఏ గంటకు ఎక్కాలో టికెట్ కొన్నప్పుడే ఖాయమవుతుంది. చర్చి లోపలికి టికెట్ అక్కర్లేదు, అయితే ఆదివారం సందర్శకులను అనుమతించరు.

వెనిస్‌కి వెళ్లేవాళ్లు మెస్త్రేలో దిగిపోతుంటారు. అది ఒడ్డునున్న ఊరు. ‘వెనెత్సియా సాంతా లూచియా’ అన్న ఆఖరి స్టేషన్ దాకా కూర్చోవాలి. అక్కడ హోటల్‌ని నక్షత్రాలు చూసి ఎంచుకోవద్దు, వాపొరెత్తో పడవ రేవు నుంచి ఎన్ని వంతెనలు దాటాలో అడిగి ఎంచుకోమను. ప్రతి వంతెనకీ అటు మెట్లు, ఇటు మెట్లు. ఇరవై కిలోల పెట్టెతో నాలుగు వంతెనలంటే దంపతుల మధ్య మాటలుండవు. చిరునామాలో వీధి పేరు లేకుండా పేట పేరు, ఓ పెద్ద నంబరు మాత్రమే ఉండొచ్చు, కాబట్టి రేవు పేరు ముందే రాయించుకోవాలి. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల మీద కొన్ని తేదీల్లో ప్రవేశ రుసుం ఉంది, 2024 ఏప్రిల్ 25న మొదలైంది. రాత్రి ఊళ్లో ఉండేవాళ్లు కట్టక్కర్లేదు. హోటళ్లవాళ్లు తలకు, రాత్రికి ఇంత అని ఊరి పన్ను వేరే తీసుకుంటారు, మూడు ఊళ్లలోనూ. గది డబ్బు ముందే కట్టేశాం కదా అని కౌంటర్ దగ్గర గొడవ పడకూడదు.

తిండి గురించి ‘శాకాహారులకు ఇబ్బంది లేదు’ అని ఒక్క ముక్కతో తేల్చేశావు. మరీనారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. పర్మెజానో చీజులో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ కలుస్తుంది, పట్టింపు ఉన్నవాళ్లకు చెప్పాలి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటగదులు కట్టేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే. ఫ్లోరెన్స్, వెనిస్‌లలో బిల్లులో ‘కొపెర్తో’ అని, బల్ల దగ్గర కూర్చున్నందుకు తలకింత పడొచ్చు, మోసం కాదు. ఆవకాయ మీద నీ పేరా ముచ్చటగా ఉంది గానీ, నెయ్యి సీసా, పాలకోవా కూడా పెట్టుకెళ్లమన్నావు. బయటి దేశాల నుంచి పాలు, మాంసంతో చేసినవి ఐరోపా యూనియన్లోకి తేనివ్వరు. కొట్టెయ్.

నాకు నిజంగా కోపం వచ్చింది వీసా పేరాకి. “ఏ దేశం తేలిగ్గా ఇస్తే అక్కడ పెట్టుకోండి” అన్నావు. షెంగెన్ వీసా, అంటే ఐరోపాలో చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా, ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే పెట్టాలి, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. హోటల్ బుకింగులు ఒక దేశంలో, దరఖాస్తు ఇంకో దేశానికి ఉంటే తిరస్కరించవచ్చు, ఆ మచ్చ తర్వాతి దరఖాస్తులకూ అడ్డు రావచ్చు. ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు పెట్టాలి. వేసవి సెలవులకు వెళ్లేవాళ్లు జనవరిలోనే అపాయింట్‌మెంట్ చూసుకోవడం మంచిది. పెద్దవాళ్లకు రుసుం 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే సెంటరు వాళ్ల చార్జీ వేరే. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఇదంతా వ్యాసం మొదట్లో రావాలి, నువ్వు చివరి పేరాలో పెట్టావు.

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు ప్రతి ధర పక్కన అది సరిచూసిన నెల, ఏడాది రాసి, ప్రతి చోటు పక్కన సెలవు రోజు రాసి, మళ్లీ పంపు. వెళ్లని ఊళ్లను తీసేస్తే వ్యాసం సగం అవుతుంది. అవనీ. రోమ్ ఒక్కటే రాసి పంపినా చదువుతాను.