బ్రిటన్‌లో క్లినికల్ న్యూరోసైకాలజీ: ఫీజు కట్టేముందు తెలుసుకోవాల్సిన వరస

ఎంఎస్సీ న్యూరోసైకాలజీలో సీటు వచ్చింది, డిపాజిట్ కట్టేయమంటారా అని అడిగే వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, ముందు ఆగండి. ఆ ఏడాది కోర్సు పూర్తి చేసి బయటికొచ్చినంత మాత్రాన బ్రిటన్‌లో పేషెంట్లను సొంతంగా చూసే సైకాలజిస్టు అయిపోరు. ఇక్కడ క్లినికల్ న్యూరోసైకాలజీ, అంటే మెదడుకి దెబ్బో జబ్బో తగిలినవాళ్ళ జ్ఞాపకం, ఆలోచన, ప్రవర్తన పరీక్షించి సాయపడే పని, అప్పటికే క్లినికల్ సైకాలజిస్టుగా రిజిస్టర్ అయినవాళ్ళు ఆ తరవాత చేసే స్పెషలైజేషన్. ఎంబీబీఎస్ లేకుండా డీఎం న్యూరాలజీలో ఎలా చేరలేమో ఇదీ అంతే. ఏజెంట్లు ఈ మాట చెప్పరు. యూనివర్సిటీ వాళ్ళు దాచిపెట్టరు గానీ, పనిగట్టుకుని వెతికితే తప్ప అది మీ కంట పడదు. విదేశీ విద్యార్థులకు చాలా చోట్ల పాతిక ముప్పై వేల పౌండ్ల దాకా ఉండే ఫీజు మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి తీర్చే అప్పు, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

అసలు గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, 2009 జూలై నుంచి ఈ దేశంలో సైకాలజిస్టుల రిజిస్ట్రేషన్ చూసేది హెచ్‌సీపీసీ, అంటే హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్. క్లినికల్ సైకాలజిస్ట్, కౌన్సెలింగ్ సైకాలజిస్ట్, ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్, ఫోరెన్సిక్ సైకాలజిస్ట్ లాంటి కొన్ని పేర్లకు చట్టరక్షణ ఉంది, రిజిస్టర్‌లో లేనివాళ్ళు అవి వాడితే నేరం. న్యూరోసైకాలజిస్ట్ అనే పేరు ఆ జాబితాలో లేదు. పేరుకు చట్టం లేదు కదా, ఎంఎస్సీ చేసి బోర్డు పెట్టుకోవచ్చు అనుకుంటే పొరపాటు, ఎందుకంటే ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థలో, ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్ళు మొదట అడిగేది హెచ్‌సీపీసీ నంబరే. ఆ పైన సీనియర్ పోస్టులకు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ (బీపీఎస్) నడిపే స్పెషలిస్ట్ రిజిస్టర్ ఆఫ్ క్లినికల్ న్యూరోసైకాలజిస్ట్స్‌లో పేరుందా, లేదా ఆ దారిలో ఉన్నారా అని చూస్తారు. ఆ రిజిస్టర్‌లోకి తీసుకెళ్ళేది క్వాలిఫికేషన్ ఇన్ క్లినికల్ న్యూరోసైకాలజీ, మా వాళ్ళంతా క్యూఐసీఎన్ అంటారు.

ఈ క్యూఐసీఎన్‌లో మూడు భాగాలుంటాయి: సబ్జెక్టు జ్ఞానం, రీసెర్చ్, ప్రాక్టీస్. పెద్దవాళ్ళకి వేరు, పిల్లలకి వేరు. పిల్లల వైపు ఎడ్యుకేషనల్ సైకాలజిస్టులకు కూడా దారి ఉంది. జ్ఞానం భాగానికి గ్లాస్గో, యూసీఎల్, బ్రిస్టల్ లాంటి చోట్ల పోస్ట్‌గ్రాడ్యుయేట్ కోర్సులున్నాయి, అవి ఉద్యోగం చేసుకుంటూ చదివే క్లినికల్ సైకాలజిస్టులను దృష్టిలో పెట్టుకుని నడుస్తాయి. పేర్ల దగ్గర జాగ్రత్త. బ్రిస్టల్‌లో అప్లైడ్ న్యూరోసైకాలజీ ఒకటి, క్లినికల్ న్యూరోసైకాలజీ ఒకటి. మొదటిది సైకాలజీ చదివినవాళ్ళు ఎక్కువమంది చేరగలిగేది, రెండోది ప్రాక్టీసులో ఉన్న క్వాలిఫైడ్ వాళ్ళకి. మొదటిది చెడ్డ కోర్సని కాదు, అది చేసినవాళ్ళలో బాగా పైకొచ్చినవాళ్ళూ ఉన్నారు, కానీ అది రిజిస్ట్రేషన్ ఇవ్వదు. ఏ కోర్సైనా సరే, ఎడ్మిషన్స్ వాళ్ళకి ఒక్క ఈమెయిల్ పెట్టండి: ఇది హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్‌కి దారితీస్తుందా, క్యూఐసీఎన్ జ్ఞానం భాగానికి లెక్కలోకి వస్తుందా? జవాబు సూటిగా రాకపోతే డబ్బు కట్టకండి.

సరే, మరి ముందు క్లినికల్ సైకాలజిస్టు అవ్వడం ఎలా?

ఇండియాలో ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న రెండేళ్ళ ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ చేసి, అక్కడి రిజిస్టర్‌లో నంబరు ఉంటే మీ దారి వేరు. మీరు ఇంకో ఎంఎస్సీకి డబ్బు పోయాల్సిన పని లేదు, నేరుగా హెచ్‌సీపీసీకి విదేశీ క్వాలిఫికేషన్ కింద అప్లై చేయండి. ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టుకి కనీస స్థాయి ప్రొఫెషనల్ డాక్టరేట్, కాబట్టి ఎంఫిల్ అనే పేరుతో పని జరగదు, మీ శిక్షణలో ఏముందో వాళ్ళ ప్రమాణాలకి ఒక్కొక్కటిగా సరిపోల్చి చూస్తారు. తేడాలు కనిపిస్తే అదనపు శిక్షణో పరీక్షో అడగొచ్చు. అందుకని ఇండియా వదలకముందే కాగితాలు పోగుచేసుకోండి: సిలబస్ పూర్తి పాఠం, ఏ వార్డులో ఎన్ని గంటలు చేశారో డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద, కేసుల లాగ్‌బుక్, డిసర్టేషన్, సూపర్‌వైజర్ సంతకంతో మీరు చేసిన థెరపీ వివరాలు. ఈ చివరిది మనవాళ్ళు మర్చిపోతారు. టెస్టింగ్ బోలెడంత చూపిస్తాం, థెరపీ చేసినట్టు రాతపూర్వకంగా తక్కువ ఉంటుంది, వాళ్ళు అడిగేది సరిగ్గా అక్కడే. మీ హెచ్‌ఓడీ రిటైరయ్యాక ఇక్కడ కూర్చుని ఆ లెటర్ తెప్పించుకోవడం ఎంత టెన్షనో పడ్డవాళ్ళకే తెలుసు.

ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ మాత్రమే ఉన్నవాళ్ళకి దారి పొడుగు, అందులో దాపరికం అక్కర్లేదు. మొదట మీ డిగ్రీకి బీపీఎస్ నుంచి జీబీసీ అనే గుర్తింపు, అంటే మీ డిగ్రీ ఇక్కడి సైకాలజీ డిగ్రీకి సమానమన్న మాట, తెచ్చుకోవాలి, రాకపోతే ఆ లోటు పూడ్చే కన్వర్షన్ కోర్సు చేయాలి. ఆ తరవాత మూడేళ్ళ డాక్టరేట్ ఇన్ క్లినికల్ సైకాలజీ. ఇంగ్లండ్‌లో చాలా కోర్సులకు అప్లికేషన్లు లీడ్స్‌లో ఉన్న క్లియరింగ్ హౌస్ ద్వారా వెళతాయి. సీటు వస్తే ఫీజు ఎన్‌హెచ్‌ఎస్ కడుతుంది, పైగా ఎన్‌హెచ్‌ఎస్ జీతాల మెట్లలో బ్యాండ్ 6 జీతం కూడా వస్తుంది, అందుకే పోటీ అంత తీవ్రంగా ఉంటుంది. ఆ సీట్లు ఎక్కువగా ఇక్కడ స్థిరనివాస హక్కు ఉన్నవాళ్ళకే, సొంత ఖర్చుతో విదేశీ విద్యార్థిని తీసుకునే కోర్సులు కొద్ది. కాబట్టి స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఏడాది ఎంఎస్సీ చేసి, చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువులోగా ఇదంతా అయిపోతుందన్న లెక్క తప్పు. ఆ గడువు కూడా ఇప్పుడు రెండేళ్ళుంటే, 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్ళలో డాక్టరేట్ లేనివాళ్ళకి పద్దెనిమిది నెలలే. ఈ పరిస్థితిలో ఉన్న పిల్లలకి నా సలహా, వీలైతే ముందు ఇండియాలో ఎంఫిల్ స్థాయి క్లినికల్ శిక్షణ పూర్తి చేసి రండి. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట మీరు రెండేళ్ళలో చూసే కేసుల వైవిధ్యం ఇక్కడ చాలామంది ట్రైనీలకు దొరకదు. ఆ శిక్షణ నియమాలు మారుతున్నాయి గనుక చేరే ముందు ఆర్‌సీఐ గుర్తింపు ఏ సంవత్సరం దాకా ఉందో చూసుకోండి.

భర్తతోనో భార్యతోనో డిపెండెంట్ వీసా మీద వచ్చిన సైకాలజీ వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ళు తమకు ఏ దారీ లేదనుకుని ఇంట్లో ఉండిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్‌కి దాదాపు ఏ పనైనా చేసే హక్కుంది, స్పాన్సర్ అక్కర్లేదు. అది మీకున్న పెద్ద బలం. బ్రెయిన్ ఇంజురీ రీహాబ్ (కోలుకోవడానికి ఇచ్చే శిక్షణ) యూనిట్లలో రీహాబ్ అసిస్టెంట్, సపోర్ట్ వర్కర్ పోస్టులు చూడండి, ఆ తరవాత అసిస్టెంట్ సైకాలజిస్ట్. 1979లో మొదలైన హెడ్‌వే అనే చారిటీకి దేశమంతా శాఖలున్నాయి, తలకి దెబ్బ తగిలిన వాళ్ళతో, వాళ్ళ కుటుంబాలతో అక్కడ వాలంటీర్‌గా పనిచేయొచ్చు. డాక్టరేట్ ఇంటర్వ్యూలో పుస్తకాల కన్నా ఈ అనుభవం ఎక్కువ మాట్లాడుతుంది. జ్ఞాపకం పోయిన మనిషికి డైరీ వాడటం అలవాటు చేయడానికి ఎన్ని వారాలు పడుతుందో, కోపం అదుపు తప్పిన భర్తతో ఆ ఇల్లాలు రోజంతా ఎలా నెట్టుకొస్తుందో దగ్గర నుంచి చూసినవాళ్ళ జవాబు వేరుగా ఉంటుంది. ఇక్కడ న్యూరోసైకాలజీ అంటే టెస్టులు పెట్టి రిపోర్టు రాయడం ఒక్కటే కాదు. న్యూరోసైకాలజిస్ట్ బార్బరా విల్సన్ 1996లో కేంబ్రిడ్జ్ దగ్గర ఈలీలో ఆలివర్ జాంగ్‌విల్ సెంటర్ అనే రీహాబ్ కేంద్రం పెట్టినప్పటి నుంచీ రీహాబ్‌కి ఇక్కడ పెద్ద పీట. పైగా మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005 కింద, ఈ పేషెంట్ తన ఇంటి గురించీ డబ్బు గురించీ తనే నిర్ణయం తీసుకోగలడా అన్న ప్రశ్న వార్డులో తరచూ మన దగ్గరికే వస్తుంది.

మన భాష ఇక్కడ అడ్డం కాదు, పనికొచ్చే జ్ఞానం. జబ్బుకు ముందు మనిషి తెలివితేటలు ఏ స్థాయిలో ఉండేవో అంచనా వేయడానికి, స్పెల్లింగ్‌కీ ఉచ్చారణకీ పొంతన లేని ఇంగ్లిష్ మాటలు చదివిస్తారు. తెలుగు మీడియంలో చదివి ముప్పై ఏళ్ళు షాపు నడిపిన పెద్దాయనకి అందులో తక్కువ మార్కులొస్తే అది ఆయన మెదడు గురించి చెప్పేది ఏమీ ఉండదు. అంకెలు గుర్తుపెట్టుకునే టెస్టూ అంతే, మన అంకెలు పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది, గుర్తుండే సంఖ్య ఆ మేరకు తగ్గుతుంది. వెల్ష్ అంకెలతో 1980లో ఎలిస్, హెనెలీ ఇదే చూపించారు. ఇక హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి, ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివాళ్ళలో కూడా ఈ తేడా ఉందని 2013లో ప్రచురించింది. ఆ పేపర్ ఇక్కడి వాళ్ళకు బాగా తెలుసు. మీరు చదివి వెళ్ళండి, ఇంటర్వ్యూలో మాట్లాడండి.

హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ వచ్చాక మొదటి ఉద్యోగం సాధారణంగా బ్యాండ్ 7. క్లినికల్ సైకాలజిస్టు పోస్టుకి హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా ఇస్తారు, దానికి మామూలుగా వీసాతో పాటు కట్టే ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్ ఉండదు. వీసా చూసుకుని తొందరపడి ఏదో ఒక మానసిక ఆరోగ్య టీమ్‌లో చేరిపోతే క్యూఐసీఎన్ అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ప్రాక్టీస్ భాగానికి స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో ఉన్న సూపర్‌వైజర్ కింద ఫుల్‌టైమ్ లెక్కన రెండేళ్ళు న్యూరో కేసులు చేయాలి, పార్ట్‌టైమ్ అయితే ఇంకా ఎక్కువ. అందులోనూ ఒక్క మెమరీ క్లినిక్‌లోనే ఉంటే వైవిధ్యం చాలదు. స్ట్రోక్, తలగాయాలు, ఎపిలెప్సీ సర్జరీ, ఇలా వేరు వేరు చోట్ల తిరిగే వీలుండాలి. అందుకని ఇంటర్వ్యూ చివర మీకేమైనా ప్రశ్నలున్నాయా అన్నప్పుడు మొహమాటపడకుండా అడగండి: ఈ టీమ్‌లో ఆ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళు ఎవరు, నాకు వారి సూపర్‌విజన్ దొరుకుతుందా, కోర్సు ఫీజు ట్రస్ట్ (ఆసుపత్రులు నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థ) కడుతుందా, చదువుకి వారంలో ఎంత సమయం ఇస్తారు? నోటిమాటగా ఊఁ అంటే సరిపోదు. ఆ మేనేజర్ ఆరు నెలల్లో వేరే చోటికి వెళ్ళిపోవచ్చు, కాబట్టి ఆఫర్ ఒప్పుకునే ముందే ఈమెయిల్‌లో రాయించుకుని దాచుకోండి.