మా అబ్బాయిని స్కౌట్స్‌లో చేర్పించమంటారా, చేరితే పిల్లలకి ఏమొస్తుంది అని అడిగారు.

సర్టిఫికెట్ వస్తుందని అందరూ చెప్తారు. నాకు మాత్రం సినిమా తెర కట్టడం వచ్చింది.

మా హైస్కూలు గ్రౌండులో క్యాంపు. ఆఖరి రాత్రి 16 ఎంఎం ప్రొజెక్టరు తెప్పించి సినిమా వేస్తామన్నారు. తెర కట్టే పని మా పెట్రోల్ (స్కౌట్లలో చిన్న జట్టు) మీద పడింది. పంచెలు కలిపి కుట్టిన తెర, అటూ ఇటూ పచ్చి వెదురు బొంగులు. క్లోవ్ హిచ్ అనే ముడి వేస్తే నున్నటి బొంగు మీద జర్రున జారిపోయేది. ఇంకో చుట్టు వేసి బిగించాం. తీరా సినిమా మొదలయ్యాక గాలి! హీరో బుగ్గలు ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. ఏడుపు సీనుకి గ్రౌండంతా నవ్వులే. "కింద అంచుకి రాళ్లు కట్టండ్రా" అని మాస్టారు కేకేశాక తెర నిలబడింది. చోటు చాలక తెర వెనక చేరినవాళ్లకి హీరో ఎడమచేత్తో అన్నం తిన్నాడు.

మన సినిమా మొదలైందీ ఇలాగే కదా. మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, బొమ్మకి గ్రామఫోను రికార్డు జతచేసే క్రోనోమెగాఫోన్ కొని, డేరాతో బర్మా, సింహళం దాకా తిరిగారు. 1914లో మద్రాసులో గెయిటీ సినిమా హాలు కట్టారు. మన దేశంలో స్కౌటింగ్ మొదలైందీ ఆ రోజుల్లోనే. 1909లో బెంగళూరుకి వచ్చింది కానీ అది దొరల పిల్లలకే. మనవాళ్లని రానివ్వకపోతే హోంరూల్ ఉద్యమం నడిపిన అనీ బిసెంట్, ఆవిడ సహచరుడు అరండేల్ మద్రాసులోనే విడిగా స్కౌట్ దళం పెట్టారు. గెయిటీలో బెంచీలెక్కి ఈలలు వేసిన కుర్రాళ్లలో ఆ స్కౌట్లు ఉండే ఉంటారు. రుజువులు అడక్కండి, ఆ వయసు కుర్రాళ్లు ఇంకెక్కడుంటారు? 1921లో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ మన దేశానికి వచ్చి వెళ్లాక బిసెంట్ దళం ఆయన సంఘంలో కలిసిపోయింది. అదే ఏడు వెంకయ్యగారి అబ్బాయి ప్రకాష్ తొలి తెలుగు మూకీ సినిమా 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు. 'రాజా హరిశ్చంద్ర' తీసిన ఫాల్కే పేరు క్విజ్‌లో ప్రతి పిల్లాడూ చెప్తాడు, వెంకయ్యగారిని అడిగితే మన పిల్లలే తెల్లమొహం వేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మీ అబ్బాయి సంగతికొస్తే, చేర్పించండి. కాకపోతే ముందు స్కౌట్ మాస్టారిని ఒకటడగండి: ముడులు తాడు ఇచ్చి నేర్పిస్తారా, రికార్డు పుస్తకంలో బొమ్మలు గీయిస్తారా? మా మేనల్లుడి స్కూల్లో రెండోదే. వాడికి రీఫ్ నాట్ బొమ్మకి పదికి పది వచ్చాయి, షూ లేసు మాత్రం మా అక్క కడుతుంది.